మార్చాల్సింది ఊకను కాదు

ప్రశ్న: పెరట్లో పది నాటుకోళ్లున్నాయి. గూట్లో ఊక పోశాం. వానలు పట్టాక ఒకటే ఘాటు వాసన, గుడ్లకు రెట్ట అంటుతోంది. ఊక తీసేసి రంపపు పొట్టు వేయమంటారా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: ఊక మంచిదేనమ్మా, చిక్కంతా తడితోనే. తడిసిన రెట్ట నుంచి అమ్మోనియా పుడుతుంది. కళ్లు మండించే ఆ ఘాటు దానిదే. గుప్పెడు ఊక తీసి పిండి చూడండి. ముద్ద కడితే తడి ఎక్కువైనట్టే. నీళ్ల తొట్టి చుట్టూ ముందు వెతకండి, చాలా ఇళ్లలో దోషం అక్కడే ఉంటుంది. గడ్డకట్టినదంతా ఎత్తేసి, ఎండిన ఊక రెండు మూడు అంగుళాల మందాన పోసి, రోజు విడిచి రోజు తిరగేయండి. సన్నటి రంపపు పొట్టయితే దుమ్ము, పైగా కోడిపిల్లలు దాన్ని తినేస్తాయి.

గుడ్లు పెట్టే గంపల్లో మాత్రం బూజు లేని వరిగడ్డి నలిపి పరవండి. మూడు గంపలు చాలు. రాత్రిళ్లు కోళ్లను వాటిలో పడుకోనివ్వకండి, గుడ్లు మురికయ్యేది ఎక్కువగా అందుకే.

రెట్టలో రక్తం పడినా, గురక వినిపించినా ఆగకుండా పశువైద్యుడికి చూపించండి.