నర్సమ్మ మోయు బరువు

పాఠము: నిర్గమకాండము 18:13–27, సంఖ్యాకాండము 11:10–17

ఈ నెల పాఠమునకు మోషే జీవితములోని రెండు సంగతులను తీసికొందము. మొదటి దానిలో ఉదయము మొదలు సాయంకాలము వరకు జనులు తమ తగవులతో ఆయన యెదుట నిలిచియుండిరి. మామయైన యిత్రో వచ్చి అది చూచెను. అల్లునికి ఓర్పు చాలదనిగాని, ఇంకను ఎక్కువగా ప్రార్థింపవలెననిగాని ఆయన చెప్పలేదు. పనియే ఒక్కనికి మించినదని చెప్పి, వేయిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి పెద్దలను ఏర్పరచుమనెను. రెండవ దానిలో మోషే బరువు మోయలేక, తనకు చావే మేలని దేవునితో మొరపెట్టుకొనెను. దేవుడు అందుకు ఆయనను గద్దింపలేదు. డెబ్బదిమంది పెద్దలను పిలిపించి ఆ బరువును పంచెను.

ఈ భాగములను సంఘపెద్దల నియామకమప్పుడు చదువుట మన వాడుక. ఈసారి మన ఊరి ఆరోగ్య కేంద్రములో పనిచేయువారిని తలంచుకొని చదువుదము. మిషను ఆసుపత్రుల కాలమునుండి మన ఆడపిల్లలు అనేకులు నర్సు పని నేర్చిరి. నేడును గుడివాడ చుట్టుప్రక్కల సంఘములలో ఆదివారము స్త్రీల వరుసలో ఏ.ఎన్.ఎం.లు, ఆశా కార్యకర్తలు కూర్చుందురు. కొందరు ప్రసంగము మధ్యలో సెల్లు మ్రోగి లేచిపోవుదురు. అది భక్తి లేక కాదు.

వారి లెక్క ఎట్టిదో చూడుడి. మనవంటి మైదాన ప్రాంతములలో వేయిమందికి ఒక ఆశ, అయిదు వేలమందికి ఒక ఉపకేంద్రము, ముప్పది వేలమందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రము అని ప్రభుత్వపు కొలత. ఆ కొలతలో గర్భిణీలు, బాలింతలు, పిల్లల టీకాలు, బీ.పీ., షుగరు, క్షయ రోగుల మందులు, వానలు పడగానే జ్వరాల సర్వే అన్నియు ఇమిడియున్నవి. చేసిన పనిని రిజిస్టరులో వ్రాయవలెను, మరల సెల్లులో ఎక్కింపవలెను. గట్టు మీద నడచిన కాళ్ల నొప్పి రాత్రికి తగ్గును. తలలోని పట్టిక మాత్రము పడకలోనికి కూడ వచ్చును: ఎవరికి కాన్పు దినము దగ్గరపడినది, ఎవరి బీ.పీ. పెరిగినది, ఏ బిడ్డకు టీకా తప్పినది, రేపటి రిపోర్టులో ఏ అంకె తగ్గినది. ఒకటి మరచిన ఒక ప్రాణము పోవచ్చును. మనస్సును అలయజేయునది ఇదియే.

ఈ అలసటకు పేరు పెట్టినవారిలో ఒకడు న్యూయార్కు పట్టణములో పేదల ఉచిత వైద్యశాలలో పనిచేసిన ఫ్రాయిడెన్‌బర్గర్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు. 1974లో ఆయన వ్రాసినది మనము గమనింపవలెను. పని దొంగలు గాక, మిక్కిలి నిష్ఠతో సేవచేయువారే ముందుగా దీపమువలె మాడిపోవుదురని ఆయన కనుగొనెను. 1979లో కరసెక్ అను పరిశోధకుడు మరియొక సంగతి చూపెను. పని ఎక్కువై, దానిని ఎట్లు చేయవలెనో నిర్ణయించు అధికారము తక్కువైనప్పుడు మనిషి ఎక్కువగా నలుగును. చిన్న ఉద్యోగికి ఆ రెండును కలిసియే వచ్చును గదా! 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడ, ఇది వ్యాధి కాదనియు, పనిలోని ఒత్తిడిని సరిగా సర్దకపోవుటవలన కలుగు స్థితియనియు తెలిపినది. దాని గురుతులు మూడు: ఒంట్లో సత్తువ ఇంకిపోవుట, పని మీదను మనుష్యుల మీదను విసుగు పుట్టుట, ఎంత చేసినను ఏమియు చేయలేదని తోచుట.

రెండవ గురుతును మనము ఎప్పుడును తప్పుగా చదువుదుము. నిరుడు నవ్వుచు పలుకరించిన నర్సమ్మ ఈ యేడు కసరుకొనిన, గర్వము వచ్చినదందుము. కాలువ గట్టుకు గండి పడినప్పుడు మట్టిని తిట్టు రైతు కలడా? ఎంత నీరు వదలిరని అడుగును.

వరదల కాలములో ఈ బరువు రెట్టింపగును. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడి వేలాది ప్రాణములు పోయినవి. శవములను మోసి పూడ్చినవారికిని, గాయములు కట్టినవారికిని తరువాత నిద్ర పట్టినదో లేదో అడిగినవారు అరుదు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఇంటింటికి వెళ్లినది ఆశలే. కొన్ని గడపలు వారిని చూచి తలుపు వేసికొన్నవి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి నందివాడ మండలపు ఊళ్లు మునిగినవి. ఇట్టి వేళ మందుల పెట్టె మోయు మనిషి తన ఇంటిలో నీరున్నను మన యింటికి వచ్చును.

ఇక మన సంగతి. ఖాళీ ఉద్యోగములు నింపుట, రిపోర్టులు తగ్గించుట అధికారుల పని. గ్రామసభలో ఆ మాట అడుగుట మన పని. ఇది ప్రార్థనతో సరిపుచ్చు విషయము కాదు. బరువు ఎక్కువైన యెడల ప్రార్థించినవాడు కూడ వంగిపోవును, మోషే వంగినట్లు. కాని కొంత బరువును ఊరివారమే ఎత్తుచున్నాము. చిన్న జ్వరమునకు అర్ధరాత్రి ఫోను చేయుచున్నాము. ఆపద అయిన యెడల 108 బండి ఉన్నది, దానికి ముందు చేయవలెను. గుడి మెట్ల మీద ఆమెను నిలిపి కాగితములు చూపుచున్నాము. బిడ్డ పోయిన యింట, విచారణ కాకమునుపే నేరమును ఆమె తలకు చుట్టుచున్నాము. టీకాల దినమున తల్లులను పిలుచుకొని వచ్చు పనిని స్త్రీల సమాజము తీసికొనవచ్చును. పట్టికలో పేర్లు వెదకుటకు చదువుకొనిన యువకుడొకడు గంటసేపు కూర్చొనవచ్చును.

ఇండ్లలోని భర్తలకు, అత్తలకు ఒక మాట. ఆమె ఊరంతటిని చూచి వచ్చి పొయ్యి యొద్దకే పోవలసియున్న యెడల, ఆ యింట యిత్రో లేడన్నమాట. బదరీ చెట్టు క్రింద చావు కోరిన ఏలీయాకు మొదట దొరికినది నిద్రయు, వేడి రొట్టెయు, నీళ్లును. ఉపదేశము తరువాత వచ్చినది.

నిద్ర పట్టకపోవుట, ఊరకే కన్నీరు వచ్చుట, చావు మాట నోట వచ్చుట కనబడిన యెడల దానిని దాచవద్దు. 14416 అను నంబరుకు ఫోను చేసిన రాత్రింబవళ్లు ఉచితముగా, తెలుగులోనే మాటలాడుదురు. 2022లో ప్రభుత్వము పెట్టిన టెలీ మానస్ అది. ఇతరులకు ఆ నంబరు చెప్పవలసినవారే తమకొరకు చేయుటకు సిగ్గుపడుదురు. కాబట్టి ఆమె ప్రక్కన కూర్చుండి నంబరు నొక్కి యిచ్చుటకు ఒకరు వెళ్లవలెను.