సంతకమునకు ముందు కూర్చుండుట

పాఠ్యభాగములు: నిర్గమకాండము 2:1–10, లూకా 14:28–30



గోపురము కట్టదలచినవాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్కచూచుకొనునని మన ప్రభువు చెప్పిన ఉపమానమును మనము శిష్యత్వమునకే అన్వయించి బోధింతుము. అది సరియే. అయితే ప్రభువు ఆ మాటను సామాన్య గృహస్థుని వివేకమునుండి తీసికొనెను. ఆ వివేకమే తప్పైనయెడల ఉపమానము నిలువదు. ఈ నెల మేము ఆ “కూర్చుండి” అను ఒక్క మాటను గూర్చి వ్రాయుచున్నాము. ఏలయనగా రెండు నెలల క్రిందట మేము కూర్చుండకయే ఒక సలహా చెప్పితిమి.

మా సంఘములోని ఒక కుమార్తె హైదరాబాదులో ఒక కంపెనీలో పని చేయుచున్నది. తండ్రి కొబ్బరి దింపు తీయువాడు. చెట్లెక్కిన సొమ్ముతోనే ఆమెను చదివించెను. అప్పటికి ఆమెకు ఏడవ నెల. రెండు దినముల సెలవుమీద ఊరికి వచ్చి, ఆదివారము ఆరాధన తరువాత తల్లితో మా ఇంటికి వచ్చెను. కంపెనీవారు మనుష్యులను తగ్గించుకొనుచున్నారట. తన ఇష్టప్రకారము ఉద్యోగము మానుకొనుచున్నట్లు వ్రాసి సంతకము చేసినయెడల మూడు నెలల జీతము ఒక్కసారిగా ఇత్తురట. శుక్రవారములోగా చెప్పవలెనట.

“ఎలాగూ కాన్పుకి ఇంటికి రావలసిందే కదండి అయ్యగారూ. సంతకం పెట్టేసి ఆ డబ్బు తెచ్చుకుంటే సరిపోద్ది” అని తల్లి అనెను. కుమార్తె ఏమియు అనలేదు.

మేము కాకులను పోషించు దేవుని గూర్చి చెప్పి, ప్రార్థన చేసి, సంతకము చేయవచ్చునంటిమి. అప్పుడు మా గృహిణి వంటయింటి గడపలో నిలిచి, “కాన్పుకి సెలవెన్ని వారాలమ్మా? ఆ సెలవులో జీతమొస్తుందా?” అని అడిగెను. 26 వారములని, పూర్తి జీతమని ఆ అమ్మాయి చెప్పెను. “మరి సంతకం పెడితే ఆ సెలవేమవుద్ది?”

ఎవరమును జవాబు చెప్పలేకపోతిమి. సంగతి వినకముందే ప్రత్యుత్తరమిచ్చుట మూఢత అని సామెతలు 18:13 మీద మేము ప్రసంగము చేసియున్నాము. ఆ దినమున అది మా మీదికే వచ్చినది.

కాగితము, కలము తీసికొని అప్పుడు కూర్చుంటిమి. ఆమె జీతము నెలకు 40,000 రూపాయలు. కంపెనీవారు ఇచ్చెదమన్నది 1,20,000. ప్రసూతి సెలవు 26 వారములు, అనగా ఆరు నెలలు. ఆ జీతము 2,40,000. ఇచ్చెదమన్న సొమ్ము ఆమెకు రావలసిన దానిలో సగమే! అదిగాక కాన్పు ఖర్చు భరించు కంపెనీ బీమా ఉద్యోగముతోనే పోవును. క్రొత్తగా బీమా కొనినను కాన్పునకు సామాన్యముగా కొంతకాలము వేచియుండవలెను. కడుపులోని బిడ్డ వేచియుండదు. ఇంకొకటి. గ్రాట్యుటీ రావలెనంటే అయిదేండ్లు పని చేయవలెను. ఆమెకు ఆరు నెలలే తక్కువ, ప్రసూతి సెలవు కూడ సేవలోనే లెక్కింపబడును.

ఈ సెలవు ఎవరును దయతో ఇచ్చునది కాదు. 1961 లో చేసిన ప్రసూతి ప్రయోజన చట్టము 12 వారములిచ్చెను. 2017 లో దానిని 26 వారములు చేసిరి. 2025 నవంబరు 21 న అమలులోనికి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలోను ఆ హక్కు నిలిచియున్నది. కాన్పునకు ముందటి పన్నెండు నెలలలో 80 దినములు పని చేసియుంటే చాలును. ఇద్దరు బిడ్డలున్న తల్లికి మాత్రము తరువాతి కాన్పునకు 12 వారములే. గర్భవతిని కంపెనీవారు తీసివేసినను, ఘోరమైన తప్పిదము చేసినదైతే తప్ప, ఆమె ప్రసూతి జీతము పోదు. అయితే తానే మానుకొన్నానని వ్రాసియిచ్చినవారు ఆ రక్షణను అడుగుట కష్టము. కాబట్టి ఆ కాగితములో అన్నిటికంటె ఖరీదైన మాట “నా ఇష్టప్రకారము” అనునది.

ఇక మోషే తల్లిని చూడుడి. మగపిల్లలను నదిలో పారవేయుమని రాజాజ్ఞ. ఆమె మూడు నెలలు బిడ్డను దాచెను. అది విశ్వాసమువలననే అని హెబ్రీయులకు వ్రాయబడిన పత్రిక 11:23 చెప్పుచున్నది. అయినను ఆ విశ్వాసము గల స్త్రీ జమ్ము పెట్టెకు కీలు పూయుట మానలేదు. తరువాత తొమ్మిదవ వచనము. ఎన్ని మారులు చదివియు మేము దానిని దాటిపోతిమి! ఫరో కుమార్తె ఆ బిడ్డను కన్నతల్లి చేతికే ఇచ్చి, పాలిచ్చి పెంచినందుకు జీతమిచ్చెదనని చెప్పినది. తన బిడ్డకు తాను పాలిచ్చుటకు ఫరో ఇంటి సొమ్ము! ఆమె మొగమాటపడి వలదనలేదు. మన స్త్రీలలో అనేకులు సెలవు జీతమును పని చేయక తిను సొమ్మని తలంచి సిగ్గుపడుదురు. ఈ అమ్మాయియు, “ఆరు నెలలు ఊరికే జీతం తీసుకుంటే ఏమనుకుంటారండి” అని అడిగెను. మేము బైబిలు తెరచి ఆ వచనము ఆమెచేతనే చదివించితిమి.

ఏశావు కూడ తన ఇష్టప్రకారమే అమ్ముకొనెను. ఎవరును అతని చేయి పట్టుకొని ఒత్తలేదు. ఆకలియు, ఎదుటనున్న వేడి చిక్కుడుకాయల వంటకమును ఆ పని చేసినవి. శుక్రవారములోగా చెప్పుమనుట అట్టి వేడియే.

ఉద్యోగము మానుకొనుట అవిశ్వాసమని మేము చెప్పుటలేదు. 2019 లో బి.ఎస్.ఎన్.ఎల్. వారు స్వచ్ఛంద పదవీ విరమణ పథకము పెట్టిరి. నవంబరు 4 నుండి డిసెంబరు 3 వరకు గడువు. 50 ఏండ్లు నిండినవారికి గడచిన ప్రతి సంవత్సరమునకు 35 దినముల జీతము, మిగిలిన ప్రతి సంవత్సరమునకు 25 దినముల జీతము చొప్పున లెక్క, దానికి తోడు పింఛను. దేశమంతట 78,569 మంది ఒప్పుకొని 2020 జనవరి 31 న విరమించిరి. మన కోనసీమ ఎక్స్ఛేంజీలలోని వారును వారిలో నుండిరి. మా సంఘపు సహోదరుడొకడు భార్యతో మూడు రాత్రులు కూర్చుండి లెక్కవేసి మానుకొనెను. ఇంటి అప్పు తీరినది. “డబ్బు లెక్క సరిగ్గానే వేశానండి, పొద్దుటి లెక్కే వెయ్యలేదు” అని ఆయన అప్పుడప్పుడు అనును. తెల్లవారితే వెళ్లుటకు చోటులేదని ఆయన భావము. అది వేరొక నెలకు పాఠము. అచ్చట నెల గడువు, వ్రాసియిచ్చిన పథకము, జీవితాంతపు పింఛను ఉండెను. ఇచ్చట అయిదు దినములు, ఒక్క పుట కాగితము.

అమ్మాయి భర్త హైదరాబాదునుండి ఫోనులో మాటలాడెను. “రేపు వాళ్లే తీసేస్తే ఈ మూడు నెలలదీ పోతుంది కదండీ. రికార్డు పాడవుద్దని కూడా అంటున్నారు” అని భయపడెను. ఇంటి అద్దె, నెలసరి వాయిదాలు ఆయన తలమీద నున్నవి. అట్లు జరుగదని మేము మాట ఇయ్యలేకపోతిమి. ప్రసూతి జీతము, బీమా చేతిలో పెట్టి, దానికి పైగా మూడు నెలలది ఇచ్చెదరేమో వ్రాతమూలముగా అడుగవచ్చునని మాత్రము చెప్పితిమి. అట్లు ఇచ్చినయెడల లెక్క వేరు, సంతకము చేసినను తప్పులేదు.

ఆమె అడిగెను. ఇయ్యమని చెప్పిరి. గురువారము రాత్రి భార్యాభర్తలు కలిసి నిర్ణయించుకొనిరి. తన ఇష్టప్రకారము మానుకొనుటలేదనియు, ఫలానా తేదీనుండి ప్రసూతి సెలవు కోరుచున్నాననియు ఆమె ఈమెయిలులోను, రిజిస్టరు పోస్టులోను వ్రాసి పంపెను. సెలవు తరువాత ఆ కుర్చీ ఉండునో లేదో ఆమెకు తెలియదు, మాకును తెలియదు. ఇప్పుడు తొమ్మిదవ నెల; పుట్టింట నున్నది. లేఖకు జవాబు ఇంకను రాలేదు. జీతము మాత్రము ఒకటవ తేదీన పడినది.