బోరు వేయించే ముందు: మన జిల్లాల నీటి లెక్క

ఏటా మార్చి దాటిందంటే మన సొసైటీకి వచ్చే అర్జీల్లో ఎక్కువ భాగం ఒకే మాట అడుగుతాయి. మా వీధికి ఒక బోరు, మా మస్జిద్‌కు ఒక బోరు, మా ఖబరస్తాన్ దగ్గర ఒక బోరు. దాతలు కూడా రెండో మాట లేకుండా ఇచ్చే దానం ఇదే. దప్పిక తీర్చడం సదఖయె జారియా అని, తాము పోయిన తరువాత కూడా దాని పుణ్యం నడుస్తూ ఉంటుందని నమ్మి ఇస్తారు. ఆ నమ్మకంలో లోపం ఏమీ లేదు. అయితే ఆ బోరు నీరు ఎన్నేళ్ళు నడుస్తుంది, ఎక్కడి నుంచి వస్తుంది, ఎవరి వాటాలోంచి వస్తుంది అన్న లెక్క కూడా ఇచ్చేవారికి తెలిసి ఉండాలి. తరగతిలో పిల్లలకు చెప్పినట్టే ఆ లెక్కను ఇక్కడ వివరంగా చెబుతాం.

ముందు వాన సంగతి చూద్దాం. అనంతపురం వైపు ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. ఉమ్మడి చిత్తూరు జిల్లా సగటు 900 మిల్లీమీటర్ల పైమాటే. మనకు నైరుతి వానలూ వస్తాయి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య వానలూ వస్తాయి. శ్రీకాళహస్తి, సత్యవేడు వైపు తుఫాను వానలు ఎక్కువ. కుప్పం, పలమనేరు వైపు తక్కువ. ఎటు చూసినా మనది బొత్తిగా వానలేని నేల కాదు. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో నడుముల్లోతు నీళ్ళు పారాయి, స్వర్ణముఖి ఒడ్డులు కోసుకుపోయాయి. రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు లీకు పడితే కింది పల్లెల జనాన్ని రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. ఆ స్వర్ణముఖిలోనే మామూలు సంవత్సరాల్లో ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక తప్ప ఏమీ కనబడదు. కురిసిన నీరు కొద్ది రోజుల్లోనే సముద్రానికి వెళ్ళిపోతుంది. మన కరువుకు వాన ఎంత కారణమో, వచ్చిన వానను నిలుపుకోలేకపోవడం అంతకంటే పెద్ద కారణం.

నిలుపుకోవడం మన పెద్దలకు తెలుసు. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో చెరువులు వేలల్లో ఉన్నాయి. పై చెరువు నిండి మొరవ పోతే ఆ నీరు కింది చెరువుకు చేరేటట్టు గొలుసుకట్టుగా కట్టారు. కట్ట, తూము, మొరవ, వాగు నుంచి నీరు తెచ్చే కాలువ, ఇవన్నీ కలిస్తేనే చెరువు. తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంతసేపు నీరు వదలాలో చూడడానికి నీరుగంటి ఉండేవాడు. నీరు తక్కువైన ఏడాది ఆయకట్టులో కొంత భాగమే సాగు చేయాలని ఊరు కూర్చుని నిర్ణయించుకునేది. నేడు మనం ‘నీటి ఆంక్షలు’ అని పేపర్లో చదువుతున్నది, ఆనాడు రచ్చబండ దగ్గర తేలిపోయే విషయం. నీరుగంటి అందరికీ న్యాయమే చేశాడని, చివరి మడి పేదవాడికి సమంగా అందిందని మేము అనడం లేదు. కాని ఎవరిని అడగాలో అందరికీ తెలిసి ఉండేది.

చెరువు గురించి పాఠం చెప్పేటప్పుడు మేము తప్పకుండా చెప్పే శాసనం ఒకటుంది. కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటిది. విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఉదయగిరి రాజ్యాన్ని పాలిస్తూ అక్కడ పెద్ద చెరువు తవ్వించాడు. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు రెండేళ్ళు పనిచేశాయని ఆ శాసనం చెబుతుంది. అంతకంటే విలువైన సంగతి, మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, చెరువుకు ఉండకూడని ఆరు దోషాలను అందులో వరుసగా చెప్పారు. అంగాల్లో ధర్మం తెలిసిన ధనవంతుడైన ప్రభువు, నీటి శాస్త్రం తెలిసిన మనిషి, గట్టి నేల, తియ్యటి నీటి ఏరు, దగ్గరలో రాతి గని, పనితనం ఉన్న జట్టు వగైరా ఉన్నాయి. డబ్బు ఇచ్చేవాడు ఒక్కడే సరిపోడని, శాస్త్రం తెలిసినవాడు కూడా కావాలని ఆరున్నర శతాబ్దాల కిందటే రాసిపెట్టారన్న మాట.

ఇక దోషాలు. కట్ట కారడం, చౌడు నేల, చెరువు నడుమ మిట్ట ఉండడం. ఇవి మూడూ ఇంజనీరు చూసుకునేవి. నీరు తక్కువ, కింద పొలం ఎక్కువ కావడం ఒక దోషం. పొలం తక్కువ, నీరు ఎక్కువ కావడం మరొకటి. మిగిలిన ఆరవదాన్ని చదివినప్పుడు పిల్లలు కాస్త ఆశ్చర్యపోతారు. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండడం కూడా దోషమే అన్నారు. నేల బాగున్నా, ఏరు బాగున్నా, రెండు ప్రభుత్వాల నడుమ పడిన నీరు ఎవరికీ స్థిమితంగా దక్కదని ఆ శాసనం రాసినవారికి తెలుసు.

మన జిల్లాల నీటి రాజకీయమంతా ఈ ఆరవ దోషం చుట్టూనే తిరుగుతుంది. పాలారును చూడండి. ఆ నది కర్ణాటకలో పుట్టి అక్కడ 93 కిలోమీటర్లు, కుప్పం ప్రాంతంలో 33 కిలోమీటర్లు, ఆపైన తమిళనాడులో 222 కిలోమీటర్లు పోతుంది. మద్రాసు, మైసూరు ప్రభుత్వాల మధ్య 1892లో కుదిరిన ఒప్పందాన్ని ఇవాళ్టికీ వాదనల్లో బయటికి తీస్తారు. కుప్పం దగ్గర మనవాళ్ళు ఆనకట్ట కడతామంటే 2006లో తమిళనాడు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2016లో పెరుంబళ్ళం వద్ద చెక్‌డ్యాం ఎత్తు పెంచితే మళ్ళీ గొడవ. నదిలో నీరు చూసిన ఏళ్ళకంటే నది గురించి కాగితాలు నడిచిన ఏళ్ళే ఎక్కువ.

తిరుపతి తాగే నీటిదీ పెద్ద కథే. చెన్నైకి తాగునీరు ఇవ్వడానికి మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ కృష్ణా నీటిలోంచి తలా 5 టీఎంసీలు వదులుకోవడానికి 1976లో ఒప్పుకున్నాయి. 1983లో మన రాష్ట్రానికీ తమిళనాడుకూ ఒప్పందమై తెలుగుగంగ పథకం మొదలైంది, 1996లో ఆ నీరు చెన్నై చేరింది. ఆ దారిలోనే, శ్రీశైలం నుంచి సోమశిల, కండలేరు మీదుగా వచ్చే నీటిలోంచి తిరుపతికీ తాగునీరు అందుతోంది. అంటే తిరుపతి కుళాయిలో పడే చుక్క నల్లమల అవతల కృష్ణమ్మది. శ్రీశైలం నిండని ఏడాది కండలేరూ నిండదు. 2019 వేసవిలో చెన్నై జలాశయాలు ఎండిపోయి జోలార్‌పేట నుంచి రైళ్ళలో నీళ్ళు తెప్పించుకున్న రోజుల్లో, అంత పెద్ద నగరానికి కండలేరు కూడా ఆదుకోలేకపోయింది. కాలువ చివరన ఉన్నవారి కష్టం అది.

పడమటి మండలాలకు ఆశ హంద్రీ-నీవా. శ్రీశైలం వెనక నీటిని మాల్యాల దగ్గర ఎత్తి, దశలు దశలుగా పంపులతో తోడుతూ, ఐదు వందల కిలోమీటర్లకు పైగా నడిపించి మన దాకా తేవాలి. నాలుగు జిల్లాల్లో 6 లక్షల ఎకరాల పైచిలుకు ఆయకట్టుకు, 40 టీఎంసీల నీటితో రూపొందించారు. కుప్పం బ్రాంచి కాలువకు 2024 ఫిబ్రవరిలో ఒక ప్రభుత్వం నీటిని వదిలింది. 2025 ఆగస్టులో ఇంకో ప్రభుత్వం జలహారతి ఇచ్చింది. ఎవరి గొప్ప ఎంత అన్న తగువులోకి మేము దిగం. నీరు ఎవరు తెచ్చినా సంతోషమే. శాసనంలోని మరో దోషాన్ని మాత్రం ఇక్కడ గుర్తు చేస్తాం: నీరు తక్కువ, పొలం ఎక్కువ. 1937 శ్రీబాగ్ ఒడంబడికలో రాయలసీమకు తుంగభద్ర, కృష్ణా నీటిలో ముందు వాటా ఇస్తామని రాసుకున్నారు. ఆ మాట కోసం సీమ ఇంకా అడుగుతూనే ఉంది. అడగవలసిందే, ఆ హక్కును వదులుకోకూడదు. కాని ఆ హక్కు తేలేదాకా మన పైకప్పు మీద పడే వానను మోరీలో పారబోయవలసిన అవసరం లేదు కదా.

ఇక అసలు విషయమైన బోరుకు వద్దాం. మన కింద ఉన్నది ఎక్కువగా నల్లరాయి. పైన కొన్ని పదుల అడుగుల దాకా రాయి మెత్తబడి, ఆ పొరలో నీరు స్పాంజిలా నిలుస్తుంది. పాత దిగుడు బావులు దాన్నే వాడుకున్నాయి. దాని కింద గట్టిరాయిలో అక్కడక్కడా చీలికలు ఉంటాయి. బోరు ఆ చీలికను తాకితే నీరు, తాకకపోతే దుమ్ము. తిరుచ్చెంగోడు నుంచి వచ్చిన రిగ్గు లారీ వెయ్యి అడుగులు దింపినా అక్కడ నీటి సముద్రం ఏమీ లేదు. కురిసిన వానలో ఈ రాతి నేలలోకి దిగేది సుమారు పదో వంతే. కొబ్బరికాయ చేతిలో పెట్టుకుని పాయింటు చూసేవారు ఎంత ధీమాగా చెప్పినా ఈ వంతు మారదు.

కొత్త బోరు నీటిని పుట్టించదు. ఉన్న నీటిలోంచి తోడుతుంది. పక్క వీధి బోరు 400 అడుగుల్లో ఉండగా మనం 700 అడుగులు దింపి పెద్ద మోటారు పెడితే, చీలిక ఒకటే అయినప్పుడు ముందు ఎండేది పక్క వీధిది. పక్క వీధివారు మరుసటి ఏడాది మనకే అర్జీ పెడతారు. దానంతో మొదలైంది పోటీగా మారుతుంది. 2002 నాటి వాల్టా చట్టం అనుమతి లేకుండా బోర్లు వేయకూడదని, తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపల కొత్తవి వద్దని చెబుతున్నది ఇందుకే. ఆ చట్టాన్ని ఎంతమంది పాటిస్తున్నారో దారి పొడవునా కనబడే రిగ్గులే చెబుతాయి.

ఇక్కడ హజ్రత్ ఉస్మాన్ (రజి) రూమా బావి కథను ఇంకోసారి నిదానంగా తలచుకోవాలి. మదీనాలో ఆ బావి యజమాని నీటిని అమ్ముకునేవాడు. ఉస్మాన్ (రజి) ముందు సగం వాటా కొన్నారు. ఒకరోజు యజమానిది, ఒకరోజు వారిది. వారి రోజున జనం రెండు రోజులకు సరిపడా ఉచితంగా తోడుకునేసరికి, కొనేవాడు లేక యజమాని మిగతా సగమూ అమ్మేశాడు. అంతా తనదైన తరువాత కూడా ఉస్మాన్ (రజి) అందరితోపాటే తన చేదనూ వేశారని చెబుతారు. పోటీగా పక్కన ఇంకో బావి తవ్వించి ఉంటే ఇంత దూరం ఈ కథ వచ్చేది కాదేమో. ఉన్న నీటిని అందరి నీరుగా చేశారు.

ఆంక్షల సంగతి కూడా కొంచెం చెప్పాలి. 2024 ఆగస్టులో తిరుమలలో డ్యాముల నీరు 120, 130 రోజులకే సరిపోతుందని దేవస్థానం ముందుగానే లెక్క చెప్పి సరఫరా తగ్గించింది. అక్కడ రోజుకు 43 లక్షల గ్యాలన్లు కావాలి, అందులో 18 లక్షలు కొండ మీది డ్యాములవి, మిగిలింది కింద కల్యాణి డ్యాం నుంచి ఎక్కాలి. ఎంత ఉంది, ఎన్ని రోజులు వస్తుంది అని బహిరంగంగా చెప్పిన తరువాత జనం సర్దుకుంటారు. మన మస్జిద్‌లలో, మదరసాలలో, హాస్టళ్ళలో ఆ లెక్క రాసిన బోర్డు ఒక్కటైనా ఉందా?

లెక్క వేయడం కష్టమేమీ కాదు. 3,000 చదరపు అడుగుల పైకప్పు ఉన్న మస్జిద్ మీద మన సగటు వానకు ఏడాదిలో రెండున్నర లక్షల లీటర్లు పడతాయి. చెదిరింది పోగా రెండు లక్షలు పట్టవచ్చు. అది 5,000 లీటర్ల ట్యాంకర్లు నలభై. రోజుకు 200 మంది వుజూ చేసి, మనిషికి 5 లీటర్లు వాడితే రోజుకు వెయ్యి లీటర్లు. ఆ లెక్కన ఒక పైకప్పు వాన 200 రోజుల వుజూకు సమానం. అంతటినీ తొట్టిలో నిలపలేం, నిజమే. సంపులో కొంత, మిగిలింది వడకట్టి పాత బావిలోకో బోరు పక్క ఇంకుడు గుంతలోకో పంపితే ఆ మెత్తని పొర మళ్ళీ తడుస్తుంది. ఇక దైవప్రవక్త (సఅసం) ఒక ముద్దు కొలత నీటితో, అంటే లీటరుకన్నా తక్కువతో వుజూ చేసేవారని హదీసు చెబుతుంది. పారే నది ఒడ్డున ఉన్నా వృథా చేయవద్దన్నారు. అందుకని ఆ ఐదు లీటర్లను రెండుకు తేవడానికి సన్నధార కుళాయి పెట్టిస్తే చాలు, ఉపన్యాసం అక్కరలేదు.

వీటన్నిటికంటే దాతలు తక్కువగా ఇచ్చే పద్దు మరమ్మతు పద్దు. కొత్త బోరు మీద పేరు రాయించుకోవచ్చు. చెరువు కాలువలో కంప కొట్టించినందుకు, పూడిన బావిని శుభ్రం చేయించినందుకు, కాలిన మోటారు వైండింగు చేయించినందుకు రాతిఫలకం ఎవరూ పెట్టరు. కాని ఎండిపోయిన చాలా బోర్ల దగ్గర అడిగి చూడండి, కొన్నింటిలో నీరు పోలేదు, మోటారు కాలిపోయి డబ్బు లేక వదిలేశారు. అందువల్ల ఈ ఏడాది అర్జీ ఫారంలో నాలుగు ప్రశ్నలు చేర్చాలని కమిటీకి సూచించాం. మీ దగ్గర ఇప్పటికే ఉన్న బోర్లు, బావులు ఎన్ని? అవి ఎందుకు ఆగాయి? వాన నీరు ఎటు పోతోంది? కరెంటు బిల్లు, మరమ్మతు ఎవరు చూస్తారు? జవాబులు చూసిన తరువాత కూడా బోరే కావాలని తేలితే బోరే ఇద్దాం. దప్పికగొన్న వీధిని శాస్త్రం చెప్పి వెనక్కి పంపలేం.

చెరువు కాలువలు, బావుల పూడిక పని మాత్రం నీరు అడుగంటిన మార్చి, మే నెలల మధ్యే చేయడానికి వీలవుతుంది. జూన్‌లో మొదటి వాన పడితే ఇక ఆగిపోవాలి. గ్రామ పంచాయతీ, నీటిపారుదల శాఖ అనుమతులకు నెల పైన పడుతుంది. ఆ పద్దుకు ఇవ్వదలచినవారు జనవరి చివరికల్లా కోశాధికారికి తెలియజేస్తే, ఆ ఎండాకాలంలోనే పని మొదలుపెట్టవచ్చు.