గన్నేరు

మండుటెండకు తక్కిన మొక్కలు వాడుచుండగా గన్నేరు గుత్తులు గుత్తులుగా పూయును. జాతీయ రహదారుల నడుమ దీనిని నాటుట యందులకే. జేనెడు కొమ్మను పాతిన చాలును. ఎండ తగులవలెను, నీరు నిలువరాదు.

కణుపునకు మూడేసి చొప్పున దళసరి యాకులు, వాని నడుమ తెల్లని యీనె దీని గుర్తులు. పచ్చగన్నేరు వేరు జాతి; అమెరికా ఖండమునుండి వచ్చినది. దాని యాకులు కణుపున కొక్కటియే. పూవు పసుపుపచ్చని గంటవలె నుండును.

అందమున కేమి గాని, రెండింటను వేరు మొదలు పూవు వరకు విషమే. అది గుండె కొట్టుకొనుటను తారుమారు చేయును. పచ్చియాకు చేదగుటచే పశువులు సాధారణముగా ముట్టవు. వాడిన యాకును మాత్రము మేయుట కలదు. ఎండినను విషము పోదు. కావున కత్తిరించిన కొమ్మలను దొడ్డి దరిని పడవేయరాదు. వంటచెరకుగానైనను అవి పనికిరావు. వాని పొగయు హానికరమే.