ఎడమవైపు వెరికోసీల్: కోత ఎప్పుడు?

ప్రశ్న: డాక్టరుగారూ, మా అబ్బాయికి 15 ఏండ్లు. ఎడమవైపు వెరికోసీల్ ఉన్నదనీ, మైక్రోస్కోపుతో ఆపరేషను చేయించుమనీ చెప్పినారు. ఇప్పుడే చేయించవలెనా?
— ఒక తండ్రి, తెనాలి

జవాబు: తొందరపడవలదు. ఇది మన ఊళ్లలో బుడ్డ యని పిలిచెడి వరిబీజము కాదు. వృషణమునుండి రక్తమును మరలించుకొనిపోవు సిరలు ఉబ్బి మెలికలు తిరిగిన స్థితి. ఎడమ సిర నిడుపుగా సాగి మూత్రపిండ సిరతో లంబముగా కలియుటచేత, కవాటములు దుర్బలమైనచో రక్తము వెనుకకు జారును గనుక, ఈ వాపు ప్రాయికముగా ఆ ప్రక్కనే కనుపట్టును. యౌవనారంభమున నూటికి ఇంచుమించు 15 మందికి ఉండెడి దీనిని చూచి వంశము నిలువదేమోయని బెంగపడుట సహజమే కాని, వీరిలో పెక్కురు పిదప తండ్రులగుచునే యున్నారు.

శస్త్రచికిత్సను నిర్ణయించునది ముఖ్యముగా వృషణముల పెరుగుదల. అల్ట్రాసౌండు కొలతలలో ఎడమది కుడిదానికంటె 20 శాతమునకు మించి చిన్నదై, ఆ వ్యత్యాసము మరల చూచినప్పుడును నిలిచియున్నచో, లేక విడువని నొప్పి యున్నచో చికిత్స యుక్తము. లేనిచో ఏటేట పరీక్ష చాలును.

సూక్ష్మశస్త్రచికిత్సలో గజ్జకడ 2, 3 సెంటీమీటర్ల గాటు పెట్టి, సూక్ష్మదర్శిని క్రింద, వెండ్రుకవలె సన్నని ధమనిని, శోషరస నాళములను కాపాడుచు, ఉబ్బిన సిరలను మాత్రము ముడివేసి ఖండింతురు. ఆ శోషరస నాళములు తెగినచో నిజముగానే బుడ్డ దిగవచ్చును. పాత పద్ధతులకంటె దీనికి మన్నన యెక్కువగుట అందుచేతనే.

పడుకొన్నప్పుడు వాపు తగ్గకున్నచో మాత్రము, ముందుగా కడుపుకు స్కానింగు తీయింపుడు.