పాతకాసులను గుర్తించు విధము

గోదావరీతీర గ్రామములలో దుక్కి దున్నునపుడు పాతకాసులు బయల్పడుట కలదు. బంగారుకాసైనచో దాచువారుందురు గాని, రాగికాసును సీసపుకాసును లక్ష్యపెట్టువా రరుదు. వానిని చింతపండుతో తోమి, కొన్నాళ్లు ఆడుకొని, చివరకు తూకమునకు వేయుదురు. ఆ తోముటలో అక్షరము లరిగి ఒక రాజు పేరే మాసిపోవచ్చును. కావున జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల విద్యార్థులకై ఈ విషయమును కొంత వ్రాయుచున్నాము.

చరిత్రకు అల్పలోహపు కాసులే మిక్కిలి ఉపకరించును. బంగారు, వెండి నాణెములు వర్తకులవెంట దూరదేశములకు పోవును. రాగి, సీసపు కాసులు సామాన్యముగా పుట్టిన నాటనే చెల్లి, అచ్చటనే మంటగలియును. అవి విస్తారముగా దొరకినచోట వానిని వేయించిన రాజు ఏలుబడి నడచెనని ఊహింపవచ్చును. ఒంటికాసును నమ్మరాదు, అది ఏ బేహారి మూటలోనైనను వచ్చియుండవచ్చును.

భూపాలపల్లి జిల్లాకు ఎగువను, గోదావరిలో పెద్దవాగు కలియుచోట, కోటిలింగాల యను గ్రామము గలదు. అచ్చట ‘చిముక సాతవాహన’ యను పేరుగల కాసులును, అంతకు పూర్వులని తలపబడు గోభద, నారన, కంవాయ, సమగోపుల కాసులును లభించినవి. శ్రీ పి. వి. పరబ్రహ్మశాస్త్రి గారు వీనిని పరిశోధించిరి. చిముకుడే పురాణములందలి శిముకుడని, సాతవాహన వంశమునకు మూలపురుషుడని పండితులు చెప్పుదురు.

కాసుపై రాజు పేరు చెక్కు పద్ధతిని తెలిసికొనుటకు యవనుల, అనగా గ్రీకుల, నాణెములను చూడవలెను. అలెగ్జాండరు క్రీ. పూ. 323లో మరణించిన పిమ్మట ఏలిన యవనరాజులు తమ కాసులపై ‘బసిలెయోస్’ అని చెక్కించి, దానిప్రక్కన తమ పేరును షష్ఠీవిభక్తిలో నిలిపిరి. దాని యర్థము ‘రాజుయొక్క’. మన దేశపు వాయవ్యభాగమునేలిన మినాండరు, అనగా బౌద్ధులు చెప్పు మిలిందుడు, ఒకవైపు గ్రీకును, రెండవవైపు ఖరోష్ఠీలిపిలో ప్రాకృతమును వేయించెను. మన సాతవాహనుల కాసుపై ‘రఞో గోతమిపుతస సిరి సాతకణిస’ అని యుండును. ఇదియు షష్ఠియే.

ఈ రెండు సంప్రదాయములు ఒకే నాణెముపై కలిసిన సందర్భ మొకటి గలదు. 1906లో నాసిక మండలమునందలి జోగల్తెంబిలో నహపానుని వెండినాణెములు పదమూడువేలకు పైగా దొరకినవి. వానిపై గ్రీకు అక్షరములుండెను. వానిలో తొమ్మిదివేలకు పైగా నాణెములపై గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను తిరిగి కొట్టించెను. కొన్నింట క్రొత్తముద్ర క్రిందనుండి పాతయక్షరములు నేటికిని తొంగిచూచుచున్నవి. శత్రువు నాణెమును కరగింపక, దానిమీదనే తన పేరు వేయించుట మాకు చాల చమత్కారముగ తోచుచున్నది.

తరువాతి సాతవాహనుల వెండికాసులపై ఒకవైపు ప్రాకృతము, వేరొకవైపు ద్రావిడభాష కలవు. అచ్చట రాజు పేరునకు ‘స’ బదులు ‘కు’ చేరినది. ఆ భాష ఏదియో పండితులింకను వాదించుచున్నారు. ‘రాజునకు’ అను మన పిల్లలకు మాత్ర మా ‘కు’ క్రొత్తగాదు.

ఇక కాసు దొరకినచో మొదట లోహమును చూడుడు. రాగికి పచ్చని చిలుము, సీసమునకు తెల్లని పొర పట్టును; సీసము మెత్తనిది, బరువైనది. పిదప బొమ్మను చూడుడు. సాతవాహనుల కాసులపై ఏనుగు, మూడు వంపుల కొండ, ఒక సిలువ నాలుగు కొనలయందు నాలుగు వలయములుగల ఉజ్జయినీచిహ్నము కానవచ్చును. బ్రాహ్మీలిపిలో ‘ర’ నిలువుగీత. ‘క’ లెక్కలలోని కూడికగుర్తువలె నుండును. కాసును తోమకుడు, గీకకుడు. ఛాయాచిత్రము తీసి, దొరకిన గ్రామము, చేను, లోతు వ్రాసి, ఉపాధ్యాయునిద్వారా పురావస్తుశాఖవారికి తెలుపుడు. పోల్చి చూడదలచువారికి హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సునందలి ప్రదర్శనశాలలో సాతవాహనుల కాసులు గలవు.