పొట్లం వెనుక పట్టిక

ప్యాకెట్ ఆహారం కొనేవారిలో చాలామంది ధర, గడువు తేదీ చూస్తారు. వెనుకవైపు చిన్న అక్షరాలలో ఉండే పోషక విలువల పట్టిక దాకా వెళ్ళేవారు తక్కువ. తెలుగువారికి ఇందులో మరొక చిక్కు ఉన్నది. భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం వివరాలు ఇంగ్లీషులో గాని హిందీలో గాని ఉంటే చాలు; తక్కిన భాషలు తయారీదారు ఇష్టం. చెన్నైలోనైనా పుణేలోనైనా, ఆ మాటకొస్తే విజయవాడలోనైనా, పొట్లంపై తెలుగు కనిపించకపోవచ్చు. ఉప్పు తగ్గించుమని వైద్యుడు చెప్పిన పెద్దలకు ఆ అక్షరాలు రావు; అక్షరాలు వచ్చిన పిల్లలకు ఆ లెక్క పట్టదు.

పట్టికంతా చదవనక్కరలేదు. సోడియం, యాడెడ్ షుగర్స్, సాచురేటెడ్ ఫ్యాట్ అనే మూడు వరుసలను పిల్లలచేత ఒకసారి చూపించుకొని గుర్తుపెట్టుకుంటే చాలావరకు పని జరుగుతుంది. రోజుకు 2000 కిలో కేలరీల ఆహారం తీసుకొనేవారికి నిబంధనలు లెక్కలోకి తీసుకొన్న మోతాదు: సోడియం 2000 మిల్లీగ్రాములు, చేర్చిన చక్కెర 50 గ్రాములు, సంతృప్త కొవ్వు 22 గ్రాములు. పట్టికలో ఉప్పు అని ఉండదు, సోడియం అని ఉంటుంది. సుమారు 400 మిల్లీగ్రాముల సోడియం ఒక గ్రాము ఉప్పుతో సమానం.

పొరపాటు ఎక్కువగా జరిగేది ‘సర్వింగ్’ అనే మాట దగ్గర. ఉదాహరణకు 200 గ్రాముల కారప్పూస పొట్లంపై, 100 గ్రాములకు సోడియం 800 మిల్లీగ్రాములు, ఒక సర్వింగ్ 30 గ్రాములు అని ఉన్నదనుకుందాం. సర్వింగ్ లెక్కన అది రోజు మోతాదులో 12 శాతమే. కాని సాయంత్రం టీతో 30 గ్రాములు తూచి తినేవారెవరు? సగం పొట్లం ఖాళీ అయితే 40 శాతం, అనగా రెండు గ్రాముల ఉప్పు, అన్నం పచ్చడి కలపకముందే ఒంట్లో చేరుతుంది. ఇంటి ఆవకాయ జాడీకి లేబులు ఉండదు గాని ఈ లెక్క దానికీ తప్పదు.

పదార్థాల జాబితాలో బరువు ఎక్కువైనది ముందు వస్తుంది. ముందువైపు ‘మల్టీగ్రెయిన్’ అని పెద్దగా వ్రాసిన బిస్కట్లలో మొదటి పేరు రిఫైన్డ్ వీట్ ఫ్లోర్ అయితే అది మైదాయే. డెక్స్‌ట్రోజ్, ఇన్వర్ట్ సిరప్ అనేవి చక్కెరకు మారుపేర్లు. ‘హెల్త్ డ్రింక్’ అనే మాటకు చట్టంలో నిర్వచనమే లేదు. అందువల్లనే 2024 ఏప్రిల్‌లో పైసంస్థ, మాల్ట్ పానీయాల వంటివాటిని ఆ పేరుతో అమ్మవద్దని ఆన్‌లైన్ విక్రయ సంస్థలకు సూచించింది.

బడిపిల్లలు కొనే చిన్న పొట్లాలపై పట్టిక లేకపోవచ్చు, నిబంధనలలో వాటికి కొంత సడలింపు ఉన్నది. అదే సరుకు పెద్ద ప్యాకెట్ దుకాణంలో ఉంటే దానిని తిప్పి చూడవచ్చు.